నీళ్ళ రంగు చూసి గోలీలు మానేసిన అత్తమ్మ

నల్గొండ జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమెకు 41 ఏళ్ళు. భర్త ప్రభుత్వ టీచరు, కొడుకు తొమ్మిదో తరగతి. వాళ్ళతోనే ఉండే అత్తమ్మకు 67. పన్నెండేళ్ళుగా షుగరు, తర్వాత బీపీ కూడా తోడైంది. మర్రిగూడ వైపు ఒక పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మోకాళ్ళు, నడుము పట్టేసి, లేవాలంటే గోడ ఆసరా కావాలి. హైదరాబాద్‌లో ఉంటున్న ఆడబిడ్డ ఏడాది కింద నీళ్ళను ‘ఆల్కలైన్’, అంటే క్షారం, చేసే మిషన్ కొన్నారు. అదే కంపెనీలో సభ్యురాలిగా చేరి ఇప్పుడు చుట్టాలకు అమ్ముతున్నారు. దసరాకు వచ్చినప్పుడు టీపాయ్ మీద గాజు గ్లాసులు పెట్టి డెమో చేశారు. ఇంట్లో ఆర్ఓ నీళ్ళలో మూడు చుక్కలు వేస్తే పసుపు రంగు, మిషన్ నీళ్ళలో వేస్తే ఊదా రంగు. “చూశావా అమ్మా, ఇన్నేళ్ళూ మీరు తాగుతున్నది యాసిడ్” అన్నారట.

అత్తమ్మ ఆ రోజు నుంచి కూతురు వారానికోసారి పంపే క్యాన్ నీళ్ళే తాగుతున్నారు. అవి అయిపోతే అర చెంచా వంట సోడా నీళ్ళలో కలిపి, నిమ్మకాయ పిండుకుని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. కూతురు ఇచ్చిన పీహెచ్ స్ట్రిప్పులతో (పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7కు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) రోజూ పొద్దున్నే మూత్రం పరీక్ష చేసుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మొదట్లో 5.5 ఉండేది, ఇప్పుడు 7.5 వస్తోంది కాబట్టి ఒళ్ళు ‘శుద్ధి’ అయిందని నమ్మకం. రెండు నెలల కింద బీపీ గోలీ మానేశారు. రెండు పూటలా వేసుకునే షుగర్ గోలీ ఒక పూటకు తగ్గించారు. అప్పుడు ఫాస్టింగ్ షుగరు 130, మొన్న 212.

కోడలు ఊరుకోలేదు. తానూ ఆన్‌లైన్‌లో స్ట్రిప్పులు తెప్పించి చూశారు. ఆర్ఓ నీళ్ళు పొద్దున 6, సాయంత్రం 5, బోరు నీళ్ళు 8. కొడుకు మందార పూల రసంతో చేస్తే రంగులు ఇంకోలా వచ్చాయి. దాంతో ఉన్న ధైర్యం కూడా పోయింది. ఈలోగా భర్త చిట్టీ ఎత్తి లక్షా అరవై వేలకు మిషన్ కొందాం, ఆర్ఓ పీకేసి బోరు పైపుకు అదే తగిలిద్దాం, నేనూ సభ్యుడిగా చేరతా అంటున్నారు. “మా నీళ్ళు నిజంగా యాసిడేనా? వద్దంటే ఆడబిడ్డ మీద కుళ్ళు అంటారు. ఊరుకుంటే, రేపు అత్తమ్మకు ఏమన్నా అయితే కోడలు పట్టించుకోలేదంటారు. ఏం చెయ్యాలి?” అని అడుగుతున్నారు.

అమ్మా,

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. అందుకని నీళ్ళ గురించి ధైర్యంగా చెబుతాను, గోలీల గురించి మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళమనే చెబుతాను.

మీ ఉత్తరంలో నీళ్ళు, గోలీలు, చిట్టీ డబ్బు, ఆడబిడ్డ, అన్నీ కలిసి ముడి పడిపోయాయి. ఇందులో వారం కూడా ఆగనిది ఒక్కటే, మానేసిన గోలీలు. బీపీ గోలీ ఆపినా మనిషికి ఏ నొప్పీ తెలియదు, అదే దానితో వచ్చిన చిక్కు. షుగరు 212కు ఎక్కడం మీరు కళ్ళారా చూశారు. ఈ వారంలోనే ఆవిణ్ణి పాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆపిన గోలీలు మళ్ళీ ఏ మోతాదుతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి, మీరు ఇంట్లో లెక్క కట్టకండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పరీక్ష, రక్తంలో సోడియం, పొటాషియం చూడాలా అని అడగండి. వంట సోడా సంగతి దాచకుండా చెప్పండి. ఈలోపు వాంతులు, మగత, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు లాగడం లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.

వంట సోడా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు మిషన్ గురించే భయపడుతున్నారు గానీ ఆ ఇంట్లో అసలు ప్రమాదం పది రూపాయల సోడా ప్యాకెట్టులో ఉంది. అర చెంచా సోడాలో దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజుకు రెండుసార్లంటే 1,200. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పచ్చళ్ళు, కూరల్లో ఉప్పు ఎలాగూ ఉంది. బీపీ గోలీ మానేసిన మనిషి, ఆ ఉప్పు చాలదన్నట్టు ఇంత సోడియం తాగుతోందన్నమాట. నిమ్మకాయ పిండినప్పుడు బుస్సున పొంగుతుంది కదా, ఆ పొంగులోనే సోడాలోని క్షారం కొంత ఖర్చైపోతుంది. సోడియం మాత్రం గ్లాసులోనే మిగులుతుంది. అత్తమ్మ కోరుకున్నది గాల్లోకి పోయింది, అక్కర్లేనిది కడుపులోకి పోయింది.

ఇక మీ ప్రశ్న. మీ ఆర్ఓ నీళ్ళు యాసిడా? చుక్కలు చెప్పిన లెక్క ప్రకారం కొద్దిగా ఆమ్లమే, మీ ఆడబిడ్డ, అదే మీ వదిన, అబద్ధం ఆడలేదు. కానీ ఆ లెక్క ఎంతదో ఆవిడ చెప్పలేదు. పీహెచ్ కొలతను 1909లో డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే ఆయన, బీరు కంపెనీ ల్యాబులో పనిచేస్తూ తయారు చేశాడు. (క్లాసులో ఈ మాట చెబితే వెనక బెంచీలు కూడా లేచి కూర్చునేవి.) దానిలో ఒక్కో మెట్టు దిగితే ఆమ్లం పది రెట్లు పెరుగుతుంది. మీ ఆర్ఓ నీళ్ళు 6 దగ్గర ఉన్నాయి. మనందరి కడుపులో ఊరే రసం 2 దగ్గర ఉంటుంది. అంటే నాలుగు మెట్లు, పదివేల రెట్లు. చారులో వేసే చింతపండు, పెరుగు, నిమ్మకాయ, అన్నీ మీ ఆర్ఓ నీళ్ళకంటే ఎన్నో రెట్లు ఆమ్లం. ఆ లెక్కన వదిన ముందు పులిహోర మీద డెమో చెయ్యాలి.

ఆర్ఓ మిషన్ నీళ్ళలోని లవణాలను చాలావరకు తీసేస్తుంది. అలాంటి నీళ్ళకు తమకంటూ నిలకడ ఉండదు. గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కొంచెం కలిసినా పీహెచ్ ఆరుకో, ఇంకా కిందికో జారుతుంది. పొద్దున 6, సాయంత్రం 5 వచ్చింది అందుకే. దానికి తోడు కాగితం స్ట్రిప్పులు లవణాలు లేని నీళ్ళలో సరిగ్గా పనిచెయ్యవు. రంగు తేలడానికి ఆలస్యమవుతుంది, కాగితానికున్న రసాయనమే ఆ నీళ్ళ లెక్కను అటూ ఇటూ చేస్తుంది. మీ చెయ్యి తప్పేమీ లేదు.

మీ దగ్గర మిగిలిన స్ట్రిప్పులు ఎంత నమ్మదగ్గవో చూడాలంటే ముందు తెలిసిన వాటిలో ముంచండి. నిమ్మరసం 2, 3 మధ్య రావాలి. చెంచా వంట సోడా గ్లాసు నీళ్ళలో కలిపితే 8 కొంచెం దాటాలి. రాకపోతే ఆ డబ్బా పారేయండి, తేమ తగిలి ఉంటుంది. పగటి వెలుగులో, డబ్బా మీద రాసినన్ని సెకన్లలోనే రంగు పోల్చాలి. ట్యూబులైటు కింద పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా తెలియదు. ఆన్‌లైన్‌లో దొరికే పెన్నులాంటి డిజిటల్ మీటరు కొనాలనిపిస్తే, దాంతో వచ్చే పొడి ప్యాకెట్లు డిస్టిల్డ్ నీళ్ళలో కలిపి ముందు లెక్క సరిచేసుకోవాలి. అలా చెయ్యకుండా అది చూపించే రెండు దశాంశాల అంకె చూడ్డానికే బాగుంటుంది.

బాబు మందార పూలతో చేసింది నాకు అన్నిటికంటే నచ్చింది. మందార రసం నిమ్మరసంలో గులాబీ ఎరుపుకు, సోడా నీళ్ళలో ఆకుపచ్చకు తిరుగుతుంది. అంకె చెప్పదు, దిక్కు చెబుతుంది. మన ఇళ్ళలో ఇంతకంటే పాత పరీక్ష ఒకటుంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి, దిష్టి తీస్తాం. సున్నం క్షారం కాబట్టి పసుపు రంగు మారింది, అంతే. వదిన చుక్కలు చేసిందీ ఇదే పని. ఈసారి డెమో జరిగితే బాబుతో ఎర్రనీళ్ళు కలిపించండి, కానీ అత్తమ్మ ముందు ఎగతాళిగా మాత్రం వద్దు.

అత్తమ్మ మూత్రం లెక్క కూడా తిరగేసి చదువుతున్నారు. రక్తం పీహెచ్ 7.35కూ 7.45కూ మధ్య నిలబడి ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి ఊపిరితిత్తులు, కిడ్నీలు. మనం ఏం తిన్నా, ఏం తాగినా ఎక్కువైన ఆమ్లాన్నో క్షారాన్నో కిడ్నీలు మూత్రంలోకి తోసేస్తాయి. అందుకే మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మొదట్లో ఉన్న 5.5 జబ్బు కాదు, కిడ్నీలు వాటి పని అవి చేస్తున్నాయి. ఇప్పుడు 7.5 వస్తోందంటే తాగిన సోడా ఒంట్లో నిలవకుండా బయటికి పోతోందని. ఆవిడ ‘శుద్ధి’ అనుకుంటున్నది కిడ్నీలకు పెరిగిన చాకిరీ.

క్షార నీళ్ళతో క్యాన్సర్ రాదని తేల్చినందుకు నోబెల్ బహుమతి ఇచ్చారని, జపాన్‌లో ఈ మిషన్లకు గుర్తింపు ఉందని వదిన చెప్పారని కూడా రాశారు. ఒట్టో వార్‌బుర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు 1931లో నోబెల్ వచ్చిన మాట నిజమే. అది కణాల శ్వాసలో పనిచేసే ఎంజైము స్వభావాన్ని, పనితీరును కనిపెట్టినందుకు. క్షార నీళ్ళు తాగితే క్యాన్సర్ రాదని తేల్చినందుకు కాదు. జపాన్‌లో ఈ మిషన్లను ఇంట్లో వాడే వైద్య పరికరంగా గుర్తించిన మాటా నిజమే, అయితే అజీర్తి లాంటి కడుపు ఇబ్బందుల వరకే. షుగరు పేరు అందులో లేదు. భోజనం తర్వాత కడుపు తేలిగ్గా ఉందని ఎవరైనా ఆ నీళ్ళు తాగితే నాకు గొడవ లేదు. గోలీలు మాత్రం మామూలు నీళ్ళతోనే వేసుకోవాలి. కొన్ని గోలీల పైపూత కడుపులోని ఆమ్లానికి తట్టుకుని, పేగుల్లోకి వెళ్ళాక కరిగేలా చేస్తారు. క్షారం తగిలితే ఆ ఏర్పాటు దెబ్బతినొచ్చు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఒక్క లైనులో దాటేసిన దాని దగ్గరికి వస్తాను. బోరు నీళ్ళు 8. అంటే మీ ఇంటి వెనకే క్షార నీళ్ళు ఊరుతున్నాయి, లక్షా అరవై వేలు అక్కర్లేదు. పైగా పీహెచ్ అంకె వేరు, నీళ్ళలో ఉన్న క్షారపు సత్తా వేరు. బైకార్బొనేట్లు నిండుగా ఉన్న బోరు నీళ్ళు 8 దగ్గరున్నా, లవణాలు పెద్దగా లేని 9.5 నీళ్ళకంటే కడుపులో ఆమ్లాన్ని ఎక్కువే విరుస్తాయి. కానీ సంతోషపడకండి. మన నల్గొండ మట్టి కింద గ్రానైటు రాళ్ళు. నీళ్ళు క్షారంగా ఉండి, వాటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే రాళ్ళలోని ఫ్లోరైడు నీళ్ళలోకి సులువుగా దిగుతుంది. అది ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు పాడవుతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు, వంకర కాళ్ళు మనందరం చూసినవే. ఆ ఊళ్ళ వాళ్ళు దశాబ్దాలపాటు తాగింది ఎక్కువగా ఇలాంటి క్షారపు నీళ్ళే. క్షారమే అమృతమైతే ఆరోగ్యంలో మన జిల్లాను మించింది ఉండకూడదు.

మీ అత్తమ్మ మోకాళ్ళు, నడుము పట్టెయ్యడం వయసు వల్లో, చిన్నప్పటి నీళ్ళ వల్లో నేను చెప్పలేను. పుట్టింటి ఊరు పేరు మాత్రం డాక్టరుకు చెప్పండి.

మీ ఆయన ఆలోచనలో నన్ను నిజంగా భయపెట్టింది ఇక్కడే. ఆర్ఓ పీకేసి బోరు పైపుకు ఆ మిషన్ తగిలిద్దామంటున్నారు. ఆర్ఓకు ఎన్ని వంకలున్నా ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. నీళ్ళను కరెంటుతో విడగొట్టే ఆ ఆల్కలైన్ మిషన్ ఫ్లోరైడు తీసే పరికరం కాదు. దానిలో ఉండే బొగ్గు ఫిల్టరు క్లోరిన్ వాసన తీస్తుంది గానీ ఫ్లోరైడును నమ్మకంగా ఆపదు. ఆపుతుందంటే వదినను నోటి మాట కాదు, ల్యాబు కాగితం చూపించమనండి. మీరు నీళ్ళ పరీక్ష చేయించాల్సింది పీహెచ్ కోసం కాదు, దీనికోసం.

లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను బోరు నీళ్ళతోనే రెండుమూడుసార్లు కడిగి, మోటారు ఐదు నిమిషాలు నడిచాక నింపండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ల్యాబులో కొద్ది రుసుముకు పరీక్ష చేస్తారు. ఫ్లోరైడు, నైట్రేటు, గట్టిదనం, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు) అడగండి. బ్యాక్టీరియా పరీక్షకు సీసా వేరే, అది ల్యాబు వాళ్ళే ఇవ్వాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పీహెచ్ 6.5 నుంచి 8.5 దాకా ఉండాలని ఉంది. ఆ హద్దు ఎక్కువగా పైపుల తుప్పు, రుచి, క్లోరిన్ పనితనం కోసం పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఆరోగ్యం లెక్కన పీహెచ్‌కు హద్దే పెట్టలేదు. ఫ్లోరైడు మాత్రం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు, మొత్తం లవణాల అంచనా ఒక్కటే ఇస్తుంది.

డబ్బు సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి, ఏదీ నొప్పి లేనిది కాదు. మిషన్ కొంటే ఇంట్లో శాంతి వస్తుంది, చిట్టీ పోతుంది, అత్తమ్మకు ‘గోలీలు అక్కర్లేదు’ అన్న నమ్మకం గోడకు మేకు కొట్టినట్టు స్థిరపడుతుంది. ఒకవేళ అదే దారి పడితే ఆర్ఓ ఉండనివ్వండి, గోలీలు ఆగవని అందరి ముందూ ఒప్పించుకుని కొనండి. రెండోది, తెగేసి వద్దనడం. డబ్బు మిగులుతుంది. అత్తమ్మ మొండికేసి చాటుగా సోడా తాగే అవకాశం ఉంది, అది మీకు కనిపించదు. మూడోది వాయిదా. “ల్యాబు రిపోర్టు, అత్తమ్మ రక్తపరీక్ష రెండూ రానివ్వండి, అప్పటిదాకా వదిన పంపే క్యాన్ నీళ్ళు తాగుతూనే ఉండనివ్వండి, గోలీలు కూడా వేసుకోనివ్వండి” అనడం. ఇందులో నష్టం ఏమిటంటే షుగరు దిగితే పేరు నీళ్ళకు పోతుంది. పోనివ్వండి. నేనైతే ఈ మూడోదాని వైపే మొగ్గుతాను. ఒక్కటి, కిడ్నీ పరీక్షలో తేడా వస్తే క్యాన్ నీళ్ళ సంగతి కూడా డాక్టరు చెప్పినట్టే.

సభ్యుడిగా చేరడం వేరే విషయం, దాన్ని మిషన్‌తో కలపనివ్వకండి. ప్రభుత్వ టీచరు అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యడానికి ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. “నీ పేరు మీద చేద్దాం” అంటారు, అప్పుడు సంతకమూ మీదే, స్టాఫ్ రూములో మొహం చాటేసుకునే పనీ మీ ఇంటిదే. షుగరు, బీపీ, క్యాన్సర్ నయం చేస్తుందని మందులను ప్రచారం చెయ్యడాన్ని 1954 నాటి చట్టం నిషేధిస్తోంది. నీళ్ళు మందు కిందికి వస్తాయా అని లాయర్లు వాదించుకోవచ్చు, మీ ఆయన అది కోర్టులో తేల్చుకోవాల్సిన అవసరం లేదు. 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు, మనుషుల్ని చేర్చినందుకు డబ్బులిచ్చే గొలుసు నడపకూడదు. రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. అది తెప్పించి చదవమనండి. మీ ఆయన లెక్కల మాస్టారో తెలుగు మాస్టారో రాయలేదు గానీ, ఎవరైనా ఆ కాగితం నాలుగో పేజీకి వచ్చేసరికి చల్లబడతారు. అనుమానాలుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పాతికేళ్ళ కింద మా మేనబావ చెప్పాడని మా అమ్మకు అయస్కాంతాల పరుపు కొన్నాను. కెమిస్ట్రీ లెక్చరర్ని, అయినా కొన్నాను. ఇంట్లో నెలనెలా మూలుగు వినలేక, ఏదో ఒకటి చేశామన్న తృప్తి కోసం. ఆ పరుపు ఇప్పుడు అటక మీద ఉంది. మేనబావతో మాటలు మాత్రం చాలాకాలం తగ్గాయి, అదే ఎక్కువ నష్టం అనిపిస్తుంది. మీ వదిన కూడా వాళ్ళమ్మ లేవలేక గోడ పట్టుకోవడం చూసే ఈ పని మొదలుపెట్టి ఉంటారు. అమ్మకం తర్వాత వచ్చింది. అందుకని ఆవిడను ప్రత్యర్థిగా నిలబెట్టకండి. “వదినా, అత్తమ్మకు షుగరు 212 వచ్చింది. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. డాక్టరు దగ్గరికి నువ్వూ రా” అని ఫోన్ చెయ్యండి. ఈ ఫోన్ మీ ఆయన ముందే చెయ్యండి. వస్తే సగం బరువు ఆవిడది అవుతుంది. రాకపోతే, పిలిచిన సంగతి మీ ఆయనకు తెలిసి ఉంటుంది, రేపు కోడలు పట్టించుకోలేదనే మాట నిలబడదు.

అత్తమ్మ చేతిలోని నోటుబుక్కు లాక్కోకండి. రెండు నెలలు ఒక్క రోజు తప్పకుండా అంకెలు రాసిన మనిషి నిర్లక్ష్యపు మనిషి కాదు. తనకు అర్థమయ్యే అంకె ఒకటి కావాలనుకున్నారు, డాక్టరు చీటీలో అది దొరకలేదు, స్ట్రిప్పులో దొరికింది. ఇంట్లో గ్లూకోమీటరు, బీపీ మిషన్ లేకపోతే కొనండి, చిట్టీ ఎత్తక్కర్లేదు. కొత్త పేజీలో గీతలు కొట్టి ఇవ్వండి. తేదీ, పరగడుపు షుగరు, బీపీ, గోలీ వేసుకున్న టైము. మూత్రం రంగు గడి కూడా ఒకటి కావాలంటే చివర్లో ఉండనివ్వండి. ఆ పుస్తకం ఆవిడ చేత్తోనే డాక్టరుకు ఇప్పించండి.

ల్యాబు రిపోర్టు వచ్చాక ఫ్లోరైడు అంకె నాకు రాయండి. 1.5 దాటితే బోరు నీళ్ళు తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికి కూడా వద్దు, వంటకు కూడా ఆర్ఓ నీళ్ళో నల్లా నీళ్ళో వాడండి.